ఎడమ చెవిది వదులు

కుళ్లాయప్పకు కోపం వస్తే నడుస్తాడు. సంతోషం వచ్చినా నడుస్తాడు. రెండూ రాకపోతే ఎందుకు రాలేదా అని నడుస్తాడు. అతన్ని ఒకచోట కూర్చోబెట్టడం వాళ్ల నాయన గోవిందప్ప వల్లే కాలేదు, ఇక ఊళ్లో వాళ్ల వల్ల ఏమవుతుంది? ఆ రోజు అనంతపురంలో జమీల్ సెల్ షాపులో, కౌంటరుకూ గోడకూ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలోనే అటూ ఇటూ తిరుగుతుంటే జమీల్‌కు కళ్లు తిరిగాయి.

"ఏమప్పా, గానుగెద్దు మాదిరి ఏంటికి తిరుగుతాండావు? కూసో."

"ముందు ఈ కామెంటు చదువు. చదివి చెప్పు, కూసోవాల్నో వద్దో."

కుళ్లాయప్పకు యూట్యూబ్‌లో ఒక ఛానెల్ ఉంది. పేరు 'చౌక కుళ్లాయ్'. వెయ్యి రూపాయల లోపు దొరికే ఫోన్ సామాన్లు వాడి చూసి, మంచివో కాదో మన సీమ మాటల్లో చెప్తాడు. సామాన్లు జమీల్ షాపువి, నోరు కుళ్లాయప్పది. పోయిన వీడియోలో నల్లటి ఇయర్‌బడ్స్ ఒక జత చూపించి "మైకు అదిరిపోయిందప్పా, కళ్లు మూసుకొని కొనండి" అన్నాడు. కంపెనీ పేరు మనకెందుకు లెండి, వాళ్లు బాధపడతారు.

జమీల్ ఫోన్ అందుకొని గట్టిగా చదివాడు.

"అన్నా, నీ మాట నమ్మి కళ్లు మూసుకొనే కొన్యా. మాది కుందుర్పి. స్కూటర్ మీద పోతా మాట్లాడితే అవతల రైతులకు బుస్సుమని తప్ప ఏమీ ఇనపడల్యా. ఒకాయప్ప పామనుకొని ఫోన్ చేన్లోకి ఇసిరేసినాడు. నువ్వు ఈ టెస్టు యాడ చేసినావన్నా? బీరువాలో కూసోనా? ఇట్లు, పద్మప్రియ, వ్యవసాయ సహాయకురాలు."

జమీల్ నవ్వు ఆపుకోలేక కౌంటరు మీద పడిపోయాడు.

"నవ్వేదేముండాది ఇందులో?"

"లేకపోతే ఏమప్పా? ఫ్యాన్ ఆపించినావు. కిటికీ మూయించినావు. రోడ్డు సప్పుడు రాకూడదని మా అమ్మ దుప్పటి తలుపుకు కట్టినావు. బీరువాకు అద్దమైనా ఉంటాది, నీ రూముకు అదీ లేదు. ఆయమ్మ నిజమే చెప్పిందిలే."

కుళ్లాయప్పకు ఒళ్లు మండింది. నడుస్తూనే జవాబు కొట్టాడు. "గాలిలో ఏ బడ్స్ అయినా అంతే మేడమ్."

అవతలి నుంచి వెంటనే వచ్చింది. "ఆ ముక్క వీడియోలో ఏంటికి చెప్పలేదన్నా? దమ్ముంటే మా ఊరికొచ్చి టెస్టు చేసి చెప్పు."

సరిగ్గా అప్పుడే అదే కంపెనీ కొత్త మోడల్ జమీల్ షాపుకు వచ్చింది. చూడ్డానికి పాతదానికి కవల. డబ్బా మీద మాత్రం 'గాలిలో కూడా స్పష్టమైన మాట' అని ఇంగ్లీషులో ఇంత పెద్ద అక్షరాలు. పాతదీ కొత్తదీ బ్యాగులో వేసుకొని, ఎవరో తరుముతున్నట్టు కుళ్లాయప్ప బండెక్కాడు.

కుందుర్పి గాలి గురించి వినడం వేరు, తినడం వేరు. రైతు సేవా కేంద్రం ముందు బండి దిగి స్టాండు మీద కెమెరా పెట్టాడో లేదో, స్టాండు పోయి గోడకు ఆనుకుంది. జుట్టు పోయి కళ్లలో పడింది. "హలో ఫ్రెండ్స్" అని నోరు తెరిస్తే నోటి నిండా దుమ్ము. వెనకనుంచి ఎవరో పకపకా నవ్వారు.

తిరిగి చూస్తే స్కూటర్ మీద ఒక అమ్మాయి. తలా మొహం కలిపి చున్నీ చుట్టేసుకుంది, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్లు ఎంత నవ్వాలో అంతా నవ్వుతున్నాయి.

"బీరువాలోంచి బయటికొచ్చినావా అన్నా?"

కుళ్లాయప్ప బండి మీద దారి పొడుగునా నాలుగు ఘాటైన జవాబులు తయారు చేసుకొని వచ్చాడు. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. దుమ్ము వల్లనేనని తనకు తాను చెప్పుకున్నాడు.

చున్నీ తీసిన పద్మప్రియ ఇంకా ప్రమాదం. రెండు జతలూ చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూసి, "ఇట్ల కాదు" అంది.

"ఎట్ల కాదు?"

"ఏది పాతదో ఏది కొత్తదో నీకు తెలిస్తే నువ్వు కొత్తదానికి గొంతు చించుకుంటావు, పాతదానికి గొణుగుతావు. మేము విత్తనాలు పరీక్ష చేసేటప్పుడు మడికి పేరు పెట్టం, నంబరే. రైతుకూ తెలీదు, చూసేవాళ్లకూ తెలీదు. పేరు తెలిస్తే కన్ను మారుతుంది. ఇదీ అంతే. డబ్బీల్లో పెట్టి నేనిస్తా, నువ్వు పెట్టుకొని మాట్లాడు. మార్కులు రెండూ అయినాంకే చెప్తా."

అతని ఫోన్ లాక్కొని, అందులో రెండు జతలకూ పేర్లు తీసేసి ఒకటి, రెండు అని మార్చేసింది. ఇంటికి తీసుకెళ్లి, వంటింట్లోంచి రెండు చిన్న స్టీలు డబ్బీలు తెచ్చి, వెనక్కి తిరిగి వాటిలో సర్దింది. మిద్దె మీద మంచం వేసి వాళ్ల అవ్వ నారాయణమ్మను కూర్చోబెట్టింది. అవ్వకు చెవులు బాగా మందం. పక్కింట్లో పెళ్లి మేళం మోగినా వర్షం వస్తోందా అని అడిగే మనిషి.

"అవ్వకు ఇనపడితే పాస్. ఇనపడకపోతే ఫెయిల్" అంది పద్మప్రియ. "నేను ఫోన్ స్పీకర్లో పెడతా. నువ్వు ఆ గుట్ట మీదికి పోయి మాట్లాడు."

గుట్ట మీద గాలి మనిషిని నిలబడనీయదు. ఎదురుగా కొండ మీద గాలిమరలు గిర్రున తిరుగుతున్నాయి. కుళ్లాయప్ప మొదటి జత పెట్టుకొని, ప్రతి వీడియోలో చదివే పాఠమే చదివాడు. రెండో జత పెట్టుకున్నాడు. అప్పుడు పట్టేశాడు కిటుకు. రెండో జతలో ఎడమ చెవిది వదులు, రబ్బరు తొడుగు సాగిపోయినట్టుంది. నడిస్తే జారిపోతోంది, వేలితో నొక్కి పట్టుకోవాలి. ఇది పాతదే! బీరువా వీడియో తీసిననాడు కూడా ఇట్లాగే జారింది. తనకు తెలిసిపోయిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కిందికి వచ్చాక ఫలితం చెప్పారు. ఒకటో నంబరు పాస్, అవ్వ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. రెండో నంబరుకు అవ్వ పెదవి విరిచింది. "పామా?" అంది.

ఆ పూట నారాయణమ్మ అతన్ని సంగటి తినకుండా కదలనీయలేదు. ముద్ద ఎంతుందో, గట్టితనం కూడా అంతే. రాయి మింగినట్టు మింగి "సూపర్ అవ్వా" అన్నాడు. అవ్వ ఇంకో ముద్ద వేసింది. పద్మప్రియ నాయన సోమప్ప చేనునుంచి వచ్చి, ఎదురుగా కూర్చొని, మాట్లాడకుండా చూశాడు. కుళ్లాయప్పకు ఆ ముద్ద కూడా దిగింది.

పని అంతటితో అయిపోవాలి. అవలేదు.

"ఒక గాలి టెస్టుతో సరిపోతాదా?" అని కుళ్లాయప్ప ఇంటికెళ్లి ఫోన్ చేశాడు. "బస్సులో చూడల్ల, సంతలో చూడల్ల, ఇనేవాళ్లు ఒకే మనిషయితేనే మార్కులు కరెక్టుగా పడతాయి." ఇది పరీక్షల నియమమా, అప్పుడే పుట్టిన నియమమా అని పద్మప్రియ అడగలేదు. సరే అంది.

బస్సు టెస్టు, సంత టెస్టు అయినాయి. కల్లం దగ్గర వేరుశనగ కొట్టే మిషన్ పక్కన నిలబడి ఆ చెనిక్కాయ దుమ్ములో దగ్గుతూ మాట్లాడే టెస్టు అయింది. మొదట్లో ప్రతిసారీ అదే పాఠం చదివేవాడు. మూడోసారో ఎప్పుడో పద్మప్రియకు విసుగొచ్చింది.

"ఆ పాఠం ఆపప్పా సామీ. నాకు కంఠస్థం వచ్చేసింది. మనుషులు మాట్లాడే మాటలు మాట్లాడు."

కుళ్లాయప్ప నడుస్తున్నవాడు ఆగాడు. అన్నా పోయింది! అప్పా వచ్చింది! మన అనంతపురంలో అప్పా అనే మాట కండక్టరునూ అంటారు, కూరగాయలమ్మే వాణ్ణీ అంటారు, అది వేరే సంగతి. ఆ సాయంత్రం అతను బుక్కరాయసముద్రం చెరువు కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, మళ్లీ ఈ చివరకు వచ్చాడు.

ఇక మనుషుల మాటలు మొదలయ్యాయి. తను డిగ్రీ ఎట్లా గట్టెక్కాడో చెప్పాడు. నాయన బోరు మోటార్లు రిపేరు చేస్తూ "నీ మొహం ఫోన్లో చూసేది ఎవుర్రా" అని తిట్టడం, తర్వాత చాటుగా తన వీడియోనే చూస్తూ దొరికిపోవడం చెప్పాడు. పద్మప్రియ కూడా చెప్పింది. వర్షం లేని జూన్‌లో విత్తనం వేయాలా వద్దా అని రైతులు తన మొహంలోకి చూస్తారట. ఏం చెప్పినా భయమేనట. ఏదో ఒకటి చెప్పకపోతే ఇంకా భయమట. "స్కూటర్ మీద పోతా ఒక్కదాన్నే అరుచుకుంటా. గాలికి ఎవురికీ ఇనపడదు కదా, హాయిగా ఉంటాది" అంది.

అన్నిటికన్నా ఘోరం బ్యాటరీ టెస్టు. ఛార్జింగు ఎంతసేపు వస్తుందో చూడాలంటే అయిపోయేదాకా మాట్లాడాలి కదా! ఒక సెలవు రోజు పొద్దున్నే పెట్టుకున్నారు. ఆమె అవ్వ పక్కన కూర్చొని విత్తనానికి కాయలు ఒలుస్తోంది. ఇతను చెరువు కట్ట మీద ఉన్నాడు, వేరే చెప్పాలా, నడుస్తున్నాడు. మాటలయిపోయినప్పుడు కాయలు పటుక్కుమనే చప్పుడు వినేవాడు. అదీ బాగుంది.

ఎండ నెత్తికెక్కే వేళకు పద్మప్రియ గొంతు తగ్గించి, "కుళ్లాయ్, నీకొగ మాట చెప్పల్ల" అంది.

సరిగ్గా అప్పుడే చెవిలో టుయ్యిమంది. ఛార్జింగు అయిపోయింది.

తొమ్మిది వందల రూపాయల వస్తువును అంతగా తిట్టిన మనిషి ఇంకొకడు ఉండడు. ఫోన్ చెవికి పెట్టుకొని మళ్లీ కొట్టాడు.

"టెస్టు అయిపోయింది కదా. మల్ల ఏంటికి చేసినావు?" అంది పద్మప్రియ. గొంతులో ఏదో ఉంది, నవ్వో మరొకటో తెలీలేదు.

"అదే... ఏదో చెప్పల్లంటివి."

"ఓ, అదా. ఇంకోసారి గాలి టెస్టు చేయల్లంటాండావు కదా, అది శనివారమే పెట్టుకో. ఆదివారం కుదరదు. కొత్తచెరువు నుంచి వస్తాండారు, చూసేదానికి."

"ఏం చూసేదానికి?"

"మా చేన్లో పురుగును. నన్నప్పా!"

కుళ్లాయప్ప కట్ట మీద గిరుక్కున వెనక్కి తిరిగాడు. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. నాలుకదాకా వచ్చింది. బయటికి మాత్రం "ఆల్ ది బెస్ట్" అని వచ్చింది.

అవతల కాయలు ఒలిచే చప్పుడు ఆగింది. "థాంక్స్" అని ఫోన్ పెట్టేసింది.

జమీల్‌కు చెప్తే తల కొట్టుకున్నాడు. "ఆల్ ది బెస్టా! అదేమైనా గ్రూప్ టూ పరీక్షనా అప్పా? ఆయమ్మ నీకు ఏంటికి చెప్పింది? నువ్వు వద్దని చెప్తావని!"

"వద్దని చెప్పేదానికి నేనెవురు?"

"అది చెప్పేదానికే నోరుండేది."

"రాల్యా జమీల్. కెమెరా ముందర గంట మాట్లాడతా. ఆమె గొంతు ఇంటే నా నోట్లో నాలుక ఉండాదో లేదో తెలీదు."

"వాళ్లు ఎట్లాంటోళ్లంట?"

"అబ్బోడికి కొత్తచెరువులో బట్టల షాపంట. పెళ్లయినాంక ఈమె ఉద్యోగం మానేయల్లంట. మల్ల ఫోన్ చేస్తే వాళ్ల అవ్వ ఎత్తి చెప్పింది."

ఆ వారమంతా కుళ్లాయప్ప తిన్నది తెలీదు, పడుకున్నది తెలీదు. వీడియో ఎడిట్ చేద్దామని కూర్చుంటే రెండు నిమిషాల్లో లేచేవాడు. ఆమెకు మెసేజ్ టైపు చేసేవాడు, చెరిపేసేవాడు. సాయంత్రమైతే నల్లటి మబ్బులు వచ్చేవి, ఊరంతా తలెత్తి చూసేది, గాలి వచ్చి వాటిని కర్ణాటక వైపు తోలుకుపోయేది. శనివారం ఒక్కటే మిగిలింది. శనివారం చెప్పకపోతే ఇక చెప్పేది ఉండదు. రికార్డు చేసుకున్న వాయిసులన్నీ ఒకదాని తర్వాత ఒకటి విని, అన్నిట్లోనూ చివరికి ఆమె నవ్వే దగ్గర మళ్లీ మళ్లీ విన్నాడు.

శనివారం కుందుర్పిలో గాలి ఎప్పటికన్నా ఎక్కువగా ఉంది. ఇంట్లో అడుగుపెడుతూనే బెల్లం వాసన కొట్టింది. రేపటి ఓళిగల కోసం, అదే బొబ్బట్ల కోసం, పప్పుబ్యాళ్లు చేటలో పోసి రాళ్లేరుతోంది నారాయణమ్మ.

"వచ్చినావా చెవులోడా!" అంది ఆప్యాయంగా. ఆమె అతనికి పెట్టిన పేరది. "సంగటి పెడతా ఉండు."

"టెస్టు అయినాంక తింటాలే అవ్వా" అని అరిచి చెప్పాడు.

పద్మప్రియ అతని మొహం వంక చూడలేదు. అతని ఫోన్ తీసుకొని నంబర్లు మళ్లీ మార్చి, డబ్బీలు రెండూ చేతిలో పెట్టింది. "ఇదే ఆఖరి టెస్టు కదా?" అంది.

"ఆ."

"వీడియో ఎప్పుడు పెడతావు?"

"పెడతాలే."

"సరే. గుట్టెక్కు. నాయన గూడా ఈరోజు ఇంటాడంట."

మిద్దె మీద సోమప్ప తువ్వాలు భుజాన వేసుకొని సిద్ధంగా ఉన్నాడు. కుళ్లాయప్ప గుట్ట వైపు నడిచాడు. అతని జన్మలో మెల్లగా నడవడం అదే మొదలు.

ఒకటో డబ్బీలో జత పెట్టుకున్నాడు. రెండు చెవుల్లోనూ గట్టిగా కూర్చున్నాయి. కొత్తది, అనుకున్నాడు. మనుషుల మాటలు రాక, పాత పాఠమే చదివాడు. "నమస్కారం, ఇది చౌక కుళ్లాయ్ మైక్ టెస్టు, నా మాట మీకు స్పష్టంగా ఇనపడ్తాందా..." ఎంత చప్పగా చదివాడంటే తనకే ఆవులింత వచ్చింది.

రెండో డబ్బీ తెరిచాడు. కుడిది కూర్చుంది. ఎడమది జారింది. వేలితో నొక్కి పట్టుకున్నాడు.

పాతది.

చెవుల్లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. దూరాన మిద్దె మీద ముగ్గురూ వేలెడంత కనిపిస్తున్నారు. అటు పక్కన ఫోన్ ఉంది, లైన్ ఉంది, ఆమె ఉంది. మాట మాత్రం పోదు. కుళ్లాయప్పకు ఒక ఆలోచన వచ్చింది. స్కూటర్ మీద ఆమె అరుచుకుంటుందే, అట్లా. ఒక్కసారి బయటికి అనేస్తే గుండె తేలికపడుతుంది కదా. గాలి తినేస్తుంది. ఎవరికీ నష్టం లేదు.

"పద్మప్రియా" అన్నాడు.

జవాబు లేదు. ధైర్యం వచ్చింది.

"పద్మప్రియా, ఇది పాతది. నీకు బుస్సుమని తప్ప ఏమీ ఇనపడదు. అందుకే చెప్తాండా. ఆ పొద్దు ఆల్ ది బెస్ట్ అన్యా చూడు, అట్లాంటి అబద్ధం నేను ఏ వీడియోలోనూ చెప్పలా. నువ్వంటే నాకు ఇష్టం. శానా ఇష్టం. బీరువాలో కూసోనా అన్యావే, ఆ రోజు కోపమనుకున్యా. కోపమైతే ఇంత దూరం బండేసుకొని వచ్చేదానికి నాకేం పనీ పాటా లేదా? బస్సు టెస్టు, సంత టెస్టు, ఏ కంపెనీ వాడూ చేయమనలా. నీ గొంతు ఇనేదానికి నేనే పుట్టించినా. బ్యాటరీ టెస్టు నాడు ఛార్జింగు అయిపోయినాంక గూడా చెవుల్లోంచి తీయల్యా, మల్ల నీ మాట వస్తాదేమోనని."

గాలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. గాలికే.

"ఆ కొత్తచెరువోడికి నువ్వు ఉద్యోగం మానల్లంట. వాడికేం తెలుసు? నువ్వు స్కూటరాపితే చేన్లో పనాపి రైతులు పరిగెత్తుకొని రావడం వాడు చూసినాడా? నేను చూసినా. నువ్వు యాడికి పోతే ఆడికి బండి మీద ఎనకాలే వస్తా, నువ్వు పని చేసుకో. నాకు పెద్ద సంపాదన లేదు, పద్మప్రియా. కానీ నీకోసం ఏమైనా చేస్తా. మీ అవ్వ సంగటి గూడా రోజూ తింటా. రాయి మాదిరి ఉంటాది, గొంతులో దిగదు, అయినా తింటా..."

చెవిలో గరగరమంది. గాలి కాదు. మనిషి గొంతు.

"నా సంగటికేమొచ్చిందిరా చెవులోడా?"

కుళ్లాయప్ప వేలు తీసేశాడు. చెవిలోంచి ఎడమది జారి రాళ్ల మధ్య పడింది. దూరాన మిద్దె మీద అవ్వ లేచి నిలబడి ఫోన్ పట్టుకొని చెయ్యి ఊపుతోంది. సోమప్ప కూడా లేచాడు. పద్మప్రియ చున్నీలో మొహం దాచుకుంది.

చెవులు మందమైన అవ్వకు సంగటి సంగతి వినపడిందంటే మిగతాదంతా వినపడినట్టే.

అటువైపు దిగితే కర్ణాటక. ఇటువైపు దిగితే సోమప్ప. పుట్టినప్పటి నుంచీ ఆగని కాళ్లు అక్కడే అతుక్కుపోయాయి. కుడి చెవిలో ఈసారి పద్మప్రియ గొంతు వినిపించింది.

"కుళ్లాయ్."

"ఊ."

"ఆడనే నిలబడితే గాలి ఎత్తుకపోతాది. దిగు. దిగేముందు ఆ పడిపోయింది ఎత్తుకొనిరా. అది పాతది కాదు, కొత్తది."

ఎట్లా దిగాడో తెలీదు. మిద్దె మెట్లెక్కేసరికి పద్మప్రియ ఎదురొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదవులు మాత్రం నవ్వు బిగపట్టాయి.

"ఎడమది వదులైతే పాతదని కనిపెట్టి, వేలు పెట్టుకొని మాట్లాడతాండావని మొదటి టెస్టులోనే చూసినా. పరీక్షలో దొంగతనం కదా! అందుకే ఈసారి రెండిటి రబ్బర్లు మార్చి పెట్టినా." గొంతు తగ్గించింది. "దొంగను పట్టేదానికి మార్చినా. ఇదంతా దొరుకుతాదని మార్చలా."

"అంతా ఇనపడిందా?"

"ఒకటో నంబరు బుస్సుమనింది. రెండో నంబరు..." అని ఆగి, "పదికి పది" అంది.

"ఏమప్పా" అన్నాడు సోమప్ప వెనకనుంచి. ఆ ఒక్క పిలుపుకే కుళ్లాయప్ప చేతులు కట్టుకున్నాడు. "రేపు పొద్దున్నే కొత్తచెరువోళ్లు బయలుదేరతారు. నేనేం చెప్పల్ల వాళ్లకు?"

ఇక్కడ దుప్పటి లేదు, గాలి అడ్డం లేదు, చెవుల్లో ఏ మోడలూ లేదు. తప్పించుకునే దారి లేనిచోట మాట దానంతట అదే వచ్చింది.

"రావద్దని చెప్పండి. నేను చూసుకుంటా ఆయమ్మను. ఉద్యోగం మానమని ఎప్పుడూ అనను. గుట్ట మీద చెప్పిందంతా నిజమే." ఒక్క క్షణం ఆగాడు. "సంగటి మాట తప్ప."

"అదీ నిజమేలే" అన్నాడు సోమప్ప. "ఊహ తెలిసినప్పటి నుంచి తింటాండా." కూతురి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. వాళ్లు వస్తామంటే మీ ఇష్టం నాయనా అంటివే."

"మీ ఇష్టం అన్యా. నా ఇష్టం అని యాడ అన్యా?" అంది పద్మప్రియ. నేల చూస్తూ అంది గానీ గట్టిగానే అంది. "వాళ్లొచ్చే సంగతి ఈయప్పకు చెప్తే వద్దంటాడేమో చూద్దామనుకున్యా. ఆల్ ది బెస్ట్ అన్యాడు నాయనా! ఆ రోజు కాయలు ఒలవడానికి చెయ్యి రాలేదు నాకు. ఇప్పుడన్నా నోరు తెరిచినాడు. నాకీయప్పే కావల్ల."

సోమప్ప గడ్డం గోక్కున్నాడు. ఆ కాస్తసేపు కుళ్లాయప్పకు ఏ బ్యాటరీ టెస్టూ అంత పొడుగ్గా అనిపించలేదు.

నారాయణమ్మే తెగ్గొట్టింది. "ఏం గొణుక్కుంటాండార్రా మీరు? బ్యాళ్లు శేరు ఏరిపెట్టినా. బెల్లం కొట్టిపెట్టినా. రేపు ఎవురో ఒకరు వచ్చి ఓళిగలు తినల్లనా వద్దా? ఈ చెవులోడి నాయన్ని రమ్మను. సంగటి బాగలేదన్యాడు కదా, ఓళిగలు తిని చెప్తాడులే వీని నాయన!"

సోమప్ప మీసం కింద ఏదో కదిలింది. జేబులోంచి ఫోన్ తీశాడు. కొత్తచెరువు నంబరు కొట్టి, "హలో, హలో" అని అరిచాడు. గాలికి అవతలివాళ్లకు ఏమీ వినపడ్డం లేదు.

పద్మప్రియ నాయన చేతిలోంచి ఫోన్ తీసుకొని, ఇంకో చెయ్యి కుళ్లాయప్ప ముందు చాచింది. అతను గుప్పిట్లో ఉన్న రెండో నంబరు జత ఆమె చేతిలో పెట్టాడు. వాటిని ఫోన్‌కు కలిపి, దుమ్ము తుడిచి, ఆమే నాయన చెవుల్లో పెట్టింది.

"ఇప్పుడు మాట్లాడు నాయనా. ఒక్క అక్షరం పొల్లు పోదు."

సోమప్ప మిద్దె చివరికి నడిచాడు. "ఆ, నేనే, కుందుర్పి సోమప్పను. ఏమనుకోవాకండి, రేపు మీరు రావద్దు. అమ్మాయి మాట ఇంకోచోట కుదిరింది... ఆ, ఇనపడ్తాందా? ఇనపడ్తాందా? సరే సరే. ఉంటాము."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాడు. ఒక వేలు ఎడమ చెవి మీద నొక్కి పట్టుకొనే ఉన్నాడు.

"మాట బాగానే పోతాంది గానీ, ఎడమ చెవిది వదులప్పా."

"నేను రబ్బరు మారుస్తాలే మామా" అన్నాడు కుళ్లాయప్ప.

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలీలేదు. సోమప్ప ఒక్క క్షణం అతన్ని పైనుంచి కిందికి చూశాడు. చెవిలోంచి ఎడమది తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"మార్చు మల్ల" అన్నాడు.

కుళ్లాయప్ప మంచం మీద పద్మప్రియ పక్కన కూర్చున్నాడు, రబ్బరు మార్చడానికి. మార్చడం అయిపోయినా లేవలేదు.